రియర్ వీల్ డ్రైవ్ కారుని రెంటల్ ట్రక్కు వెనక కట్టుకుని దూరం తీసుకెళ్ళాలంటే

అమెరికాలో ఇల్లు ఖాళీ చేసి వేరే స్టేట్‌కి మారేటప్పుడు సోఫా ఎక్కడ పడుతుంది, మంచం విప్పాలా, డబ్బాలు ఎన్ని కావాలి లాంటి లెక్కలన్నీ నెల ముందే వేసుకుంటాం, కారు ఎలా తీసుకెళ్ళాలి అన్నది మాత్రం ఆఖరి వారంలో గుర్తొస్తుంది. అప్పుడు హడావిడిగా ట్రక్కు బుకింగ్‌లోకే మళ్ళీ వెళ్ళి చూస్తే రెండు బొమ్మలు కనిపిస్తాయి, ఒకటి టో డాలీ, ఇంకోటి ఆటో ట్రాన్స్‌పోర్ట్ ట్రైలర్. డాలీ అద్దె తక్కువ, సైజు చిన్నది, కట్టడం కూడా తేలిక, అందుకే చాలామంది దాన్నే నొక్కేస్తారు. క్యామ్రీ, అకార్డ్ లాంటి, ముందు చక్రాలకి పవర్ వెళ్ళే కార్లు ఉన్నవాళ్ళకి అది సరిపోతుంది కూడా. మీది మస్టాంగ్, మియాటా, ఛార్జర్, బీఎండబ్ల్యూ 3 సిరీస్ లాంటి వెనక చక్రాలకి పవర్ వెళ్ళే కారైతే మాత్రం అక్కడ ఒక్క నిమిషం ఆగండి. డాలీ మీద మిగిలిన డబ్బుకి ఎన్నో రెట్లు గేర్‌బాక్స్‌కి పెట్టాల్సి రావచ్చు.

ముందు ఈ రెండిటికీ తేడా చూద్దాం. డాలీకి రెండే చక్రాలు ఉంటాయి, కారు ముందు చక్రాలు దాని మీదకి ఎక్కుతాయి, వెనక చక్రాలు రోడ్డు మీదే దొర్లుతూ వస్తాయి. ఆటో ట్రాన్స్‌పోర్ట్ అంటే పూర్తి ట్రైలర్, కారు నాలుగు చక్రాలూ దాని మీదే ఉంటాయి, రోడ్డుకి ఏదీ తగలదు. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారులో వెనక చక్రాలు బండికి ఊరికే తోడుగా తిరుగుతాయి, ఇంజిన్‌తో వాటికి సంబంధం లేదు, కాబట్టి డాలీ మీద ఎంత దూరం లాగినా గేర్‌బాక్స్‌కి నొప్పి ఉండదు. మన కారులో తిరిగే ఆ వెనక చక్రాలే డ్రైవ్ చక్రాలు, సమస్యంతా అక్కడే.

"న్యూట్రల్‌లో పెడితే చాలు కదా" అని కనీసం పది మంది చెప్పారు నాకు. చాలదు. వెనక చక్రం తిరిగితే డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల పెట్టె) తిరుగుతుంది, దానికి తగిలించిన డ్రైవ్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక్కి పవర్ తెచ్చే పొడుగు గొట్టం) తిరుగుతుంది, ఆ షాఫ్ట్ ముందు చివర గేర్‌బాక్స్ అవుట్‌పుట్ షాఫ్ట్‌ని తిప్పుతుంది. న్యూట్రల్ అంటే ఇంజిన్‌కీ చక్రాలకీ మధ్య లింకు తెగింది అనే అర్థం తప్ప లోపల ఏదీ తిరగట్లేదని కాదు. ఆటోమేటిక్‌లో ఆయిల్‌ని అన్ని మూలలకీ కొట్టే పంపు ఇంజిన్ వైపు ఉంటుంది, ఇంజిన్ తిరిగితేనే అది తిరుగుతుంది. ఇంజిన్ ఆఫ్‌లో ఉంది, వెనక సగం మాత్రం హైవే స్పీడులో గంటలకొద్దీ తిరుగుతోంది, బుష్‌లకీ గేర్లకీ చుక్క ఆయిల్ అందట్లేదు. వేడెక్కుతుంది, అరుగుతుంది, కాలిపోతుంది. దారిలో మీకేమీ తెలియదు, వాసన కూడా ట్రక్కు క్యాబిన్ దాకా రాదు. కొత్త ఊళ్ళో దించి డ్రైవ్‌లో పెట్టిన రోజు బయటపడుతుంది. (పాతకాలంలో కొన్ని ఆటోమేటిక్‌లకి అవుట్‌పుట్ వైపు కూడా ఒక పంపు ఉండేది, తోసి స్టార్ట్ చేసేవాళ్ళు, ఆ రోజులు పోయాయి.)

మాన్యువల్ అయితే పర్లేదా అంటే, అదీ కారుని బట్టే. చాలా మాన్యువల్ గేర్‌బాక్సుల్లో పంపు ఉండదు, కింద ఉన్న కౌంటర్ షాఫ్ట్ గేర్లు ఆయిల్‌లో మునిగి తిరుగుతూ పైకి చిమ్ముతాయి. ఇంజిన్ ఆఫ్, న్యూట్రల్ అంటే ఆ కౌంటర్ షాఫ్ట్ కదలదు, పైన ఉన్న అవుట్‌పుట్ షాఫ్ట్ ఒక్కటే ఎండుగా తిరుగుతుంది. కొన్ని మోడళ్ళకి కంపెనీవాళ్ళే పర్మిషన్ ఇస్తారు, కొన్నిటికి తక్కువ స్పీడులో కాస్త దూరం వరకే అంటారు, కొన్నిటికి అసలు వద్దంటారు. ఓనర్స్ మాన్యువల్‌లో టోయింగ్ అనే భాగం తీసి చదవండి, ఇందులో మెకానిక్ మాట కన్నా ఆ రెండు పేజీల మాటే పైమాట.

ఇక్కడే ఇంకో గందరగోళం. 3 సిరీస్, ఛార్జర్ లాంటివి రియర్ వీల్ డ్రైవ్‌లోనూ దొరుకుతాయి, ఆల్ వీల్ డ్రైవ్‌లోనూ దొరుకుతాయి. వెనక బ్యాడ్జి చూసి ఊహించకండి, విన్ నంబర్ (ప్రతి కారుకీ ఉండే గుర్తింపు నంబర్) పెట్టి చూస్తే డీలర్ చెప్పేస్తాడు. ఆల్ వీల్ డ్రైవ్ అయితే ట్రైలర్ తప్ప వేరే ఆలోచన వద్దు, డాలీ మీద రెండు చక్రాలు ఆగి రెండు తిరుగుతుంటే మధ్యలో ముందుకీ వెనక్కీ పవర్ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు గతి ఏంటో మీకే అర్థమవుతుంది. వెనక మోటర్ ఉన్న ఎలక్ట్రిక్ కార్లు కూడా అంతే, చక్రం తిరిగితే మోటర్ కూడా తిరిగి కరెంటు పుట్టిస్తుంది, టెస్లా మాన్యువల్‌లో అయితే నాలుగు చక్రాలూ నేలకి తగలకూడదని స్పష్టంగా రాసి ఉంటుంది.

సరే, మరి కారుని వెనక్కి తిప్పి, వెనక చక్రాలు డాలీ మీద పెట్టేస్తే? తెలివైన ఐడియాలా ఉంటుంది, నాకూ వచ్చింది. చెయ్యకండి. అప్పుడు రోడ్డు మీద వెనక్కి దొర్లేవి స్టీరింగ్ చక్రాలు, వాటిని గంటలకొద్దీ నిటారుగా పట్టుకుని ఉంచడానికి స్టీరింగ్ లాక్‌ని చెయ్యలేదు, కొంచెం స్పీడు అందుకున్నాక కారు పాము మెలికలు తిరిగినట్టు ఊగడం మొదలుపెడుతుంది. ఏ రెంటల్ కంపెనీ కూడా దీనికి ఒప్పుకోదు.

కాబట్టి నా సలహా సూటిగా చెప్పేస్తా, ట్రైలర్ తీసుకోండి. డబ్బు ఎక్కువే, కట్టేయండి.

బుకింగ్ దగ్గర చూడాల్సింది బరువు. అమెరికాలో ఎక్కువమంది వాడే యూ-హాల్ ఆటో ట్రాన్స్‌పోర్ట్ సంగతే తీసుకుంటే, ఖాళీ ట్రైలర్ 2,210 పౌండ్లు, దాని మీద ఎక్కించే కారు 5,290 పౌండ్లు దాటకూడదు, రెండూ కలిపితే 7,500. మియాటా సుమారు 2,400 ఉంటుంది, దాన్ని లాగుతున్నట్టే తెలియదు. మస్టాంగ్ ఇంజిన్‌ని బట్టి 3,500 నుంచి 3,900 మధ్య, ఛార్జర్ మోడల్‌ని బట్టి 4,000కి దగ్గర్లోనో, పైనో ఉంటుంది. మీ కారు బరువు డ్రైవర్ డోర్ స్టిక్కర్‌లో వెతుక్కోకండి, అక్కడ ఉండేది ఫుల్‌గా నింపితే ఎంత మోయగలదు అన్న లెక్క, ఖాళీ కారు బరువు మాన్యువల్‌లో ఉంటుంది. 3,700 పౌండ్ల కారు వేసుకుంటే ట్రక్కు లాగాల్సింది 5,900 పైనే. ఇంత బరువు ఏ ట్రక్కుకి పడితే ఆ ట్రక్కుకి కుదరదు, చిన్న ట్రక్కుకి లాగే కెపాసిటీ తక్కువ ఉంటుంది, అందుకే ట్రక్కు, ట్రైలర్ వేరు వేరు రోజుల్లో కాకుండా ఒకే బుకింగ్‌లో పెట్టి కారు మోడల్, సంవత్సరం కరెక్టుగా ఇవ్వండి. సిస్టమ్ ఒప్పుకోకపోతే "క్యామ్రీ అని పెట్టేద్దాం, ఎవడు చూస్తాడు" అనుకోవద్దు, వెడల్పు పట్టకపోయినా, దారిలో ఏమన్నా అయినా మీరు తీసుకున్న కవరేజీ చెల్లకుండా పోతుంది.

ఇంకోటి, కారు ఖాళీగా ఉండాలి. ట్రక్కులో పట్టని డబ్బాలు, బట్టల మూటలు, కుండీలు అన్నీ కారులో కుక్కడం అందరూ చేసే పనే, కానీ బుకింగ్‌లో వేసిన బరువు లెక్కలో అది ఉండదు, పైగా వెనక సీట్లో, డిక్కీలో వేస్తే బరువు ట్రైలర్ వెనక్కి జరుగుతుంది, అది ఎంత ప్రమాదమో కింద చెప్తా.

ఇన్సూరెన్స్ గురించి ఒక్క ఫోన్ కాల్. మీ కారు పాలసీ అద్దె కారుకి వర్తిస్తుందేమో గానీ అద్దె ట్రక్కుకి చాలాసార్లు వర్తించదు, క్రెడిట్ కార్డు ఇచ్చే రెంటల్ కవరేజీలోంచి కూడా ట్రక్కుల్ని మామూలుగా తీసేస్తారు. ట్రైలర్ మీద ఉన్న మీ కారుకి ఏమన్నా అయితే ఎవరు ఇస్తారు అన్నది మీ కంపెనీని విడిగా అడగండి, ఆన్సర్ మెయిల్‌లో తీసుకోండి.

ఇప్పుడు నాకు జరిగింది. రెండు వారాల ముందే ట్రైలర్ బుక్ చేశా, కన్ఫర్మేషన్ ఉంది, తీసుకోడానికి వెళ్తే కౌంటర్‌లో కుర్రాడు "ట్రైలర్ ఇంకా వెనక్కి రాలేదు, డాలీ ఉంది, తీసుకెళ్ళండి, న్యూట్రల్‌లో పెడితే ఏం కాదు" అన్నాడు. వెనక ట్రక్కులో సామాను ఎక్కించేశాం, ఇంటి తాళాలు ఇచ్చేశాం, ఆ టైంలో ఎవరికైనా సరే అనేయాలనిపిస్తుంది. అనలేదు, గంట సేపు అక్కడే కూర్చుని ఫోన్లు చేయిస్తే నలభై మైళ్ళ అవతల ఇంకో బ్రాంచిలో ట్రైలర్ దొరికింది. చెప్పొచ్చేదేంటంటే, బయల్దేరే రోజే ట్రైలర్ తీసుకునేలా పెట్టుకోకండి, ఒక రోజు ముందు చేతికి వచ్చేలా చూసుకోండి, అప్పుడు కాదనే ధైర్యం మీకుంటుంది.

ట్రైలర్ మీదకి ఎక్కించడం

ముందు ట్రైలర్‌ని ట్రక్కుకి తగిలించాలి, ఆ తర్వాతే కారు. ఇది తిరగేస్తే, కారు ర్యాంపు ఎక్కగానే ట్రైలర్ ముక్కు గాల్లోకి లేస్తుంది. రెంటల్ వాళ్ళే తగిలించి ఇస్తారు, అయినా మీ కళ్ళతో చూడండి: కప్లర్ (ట్రైలర్ ముక్కు చివర ఉండే టోపీ లాంటిది) ట్రక్కు వెనక ఉన్న బంతి మీద పూర్తిగా కూర్చుందా, లాక్ పడిందా, సేఫ్టీ చైన్లు రెండూ కింద ఎక్స్ ఆకారంలో దాటి ఉన్నాయా. ఆ ఎక్స్ ఎందుకంటే కప్లర్ ఊడినా ముక్కు రోడ్డుకి గుచ్చుకోకుండా చైన్ల ఊయలలో పడుతుందని. చైను మలుపులో బిగుసుకోకూడదు, అలాగని నేల మీద ఈడ్చుకోకూడదు. లైట్ల వైరు తగిలించి ఒకరిని వెనక నిలబెట్టి బ్రేకు, ఇండికేటర్లు చూడండి.

చోటు చదునుగా ఉండాలి. వాలులో ఉన్న డ్రైవ్‌వేలో ప్రయత్నించకండి, వీధిలోకో ఖాళీ పార్కింగ్ లాట్‌లోకో తీసుకెళ్ళండి. ట్రక్కు పార్క్‌లో పెట్టి హ్యాండ్ బ్రేక్ వెయ్యండి. ర్యాంపులు పూర్తిగా లాగి వాటి పిన్నులు పడ్డాయో లేదో కాలితో తొక్కి చూడండి. కారు ముందుకి చూస్తూ ఎక్కాలి, ఎందుకంటే చాలా కార్లకి ఇంజిన్ ముందు ఉంటుంది, బరువు ట్రైలర్ ముందు వైపు పడుతుంది. మొత్తం బరువులో సుమారు పది నుంచి పదిహేను శాతం ట్రైలర్ ముక్కు మీద ఉంటేనే అది నిలకడగా వస్తుంది. వెనక బరువెక్కితే ముక్కు తేలిపోతుంది, హైవే మీద తోక ఊపినట్టు ఊగుతుంది, కారులో సామాను వద్దన్నది అందుకే.

కిందకి దించిన స్పోర్ట్స్ కార్లు ఉన్నవాళ్ళకి ర్యాంపు మొదట్లోనే ముందు బంపర్ కింద అంచు గీసుకుంటుంది. ర్యాంపు ముందు రెండు గట్టి చెక్క పలకలు వేసి వాలు తగ్గించుకోండి, ట్రక్కు వెనక చక్రాలు కాస్త ఎత్తులో, ట్రైలర్ పల్లంలో ఉండేలా నిలిపినా పని అవుతుంది గానీ అదంతా చదును చోటు దొరకనివాళ్ళ తంటాలు.

ఎక్కించేటప్పుడు ముందు ఒకరు నిలబడి చేత్తో దారి చూపించాలి, కానీ సరిగ్గా కారు ఎదురుగా కాదు, పక్కకి. ఎక్సిలరేటర్ గట్టిగా తొక్కకండి, రియర్ వీల్ డ్రైవ్‌లో నెట్టేవి వెనక చక్రాలు కాబట్టి ముందు చక్రాలు ర్యాంపు ఎక్కేటప్పుడు తేలిగ్గానే ఎక్కుతుంది, వెనక చక్రాలు తడి ర్యాంపు మీదకి వచ్చినప్పుడే కాస్త జారతాయి, అక్కడ భయపడి గ్యాస్ ఎక్కువ ఇస్తే కారు ముందుకి దూకుతుంది. వాన పడుతుంటే ఆగండి. ముందు స్టాపర్‌కి చక్రాలు తగిలే వరకు మెల్లగా. ఎక్కాక డోరు ట్రైలర్ ఫెండర్‌కి కొట్టుకోవచ్చు, అద్దం దించి పెట్టుకుంటే కిటికీలోంచైనా బయటపడొచ్చు, రెండు డోర్ల కూపేలకి డోరు పొడుగు కాబట్టి ఈ ఇబ్బంది ఎక్కువ.

పైన ఉన్నాక ఆటోమేటిక్ అయితే పార్క్, మాన్యువల్ అయితే ఫస్ట్ గేరు, హ్యాండ్ బ్రేక్ వెయ్యండి. ఇక్కడ ఏ చక్రమూ తిరగదు కాబట్టి గేర్‌బాక్స్ భయం లేదు. రెండు ముందు టైర్ల మీదా స్ట్రాపులు వేసి రాట్చెట్ బిగించాలి, రెండు వైపులా ఒకేలా. సేఫ్టీ చైన్లు కారు కింద గట్టి భాగానికి తగిలించాలి, బ్రేకు గొట్టాలకీ స్టీరింగ్ రాడ్లకీ తగలకూడదు, వంగి టార్చి వేసి చూడండి. కొన్ని కొత్త కార్లకి దొంగల అలారంలో వాలు కనిపెట్టే సెన్సర్ ఉంటుంది, ట్రైలర్ మీద కుదుపులకి అది మోగుతూనే ఉంటుంది, బ్యాటరీ అయిపోయేదాకా. మెనూలో దాన్ని ఆపేసి తాళం వెయ్యండి.

స్ట్రాపులు బిగించాం కదా అని మర్చిపోకండి. మొదటి అయిదారు మైళ్ళు వెళ్ళాక ఆగి మళ్ళీ చూడండి, టైరు సర్దుకుని స్ట్రాప్ కచ్చితంగా వదులవుతుంది. ఆ తర్వాత ఆగిన ప్రతిచోటా, పెట్రోలు కోసమైనా బాత్రూం కోసమైనా, ఒక రౌండు తిరిగి రండి. టైర్లు, హబ్బులు చేతికి మరీ వేడిగా తగులుతున్నాయా కూడా చూడండి.

డాలీయే గతి అయితే

ట్రైలర్ ఎక్కడా దొరకలేదు, లేదా ట్రక్కుకి అంత లాగే శక్తి లేదు. అప్పుడు ఉన్న దారి ఒకటే, డ్రైవ్ షాఫ్ట్ విప్పేయడం. షాఫ్ట్ లేకపోతే వెనక చక్రాలు తిరిగినా డిఫరెన్షియల్ వరకే తిరుగుతుంది, దానికి దాని సొంత ఆయిల్ ఉంది, పెద్ద గేరు అందులో మునిగే ఉంటుంది, ఇబ్బంది లేదు. గేర్‌బాక్స్‌కి ఇక ఏ సంబంధమూ లేదు. పాత పికప్పులకీ, పాత మస్టాంగ్ లాంటివాటికీ ఇది ఓ గంట పని. చాలా బీఎండబ్ల్యూలకైతే సైలెన్సర్ పైపు, దాని మీద వేడి ఆపే రేకు విప్పితే గానీ షాఫ్ట్ కనిపించదు, మధ్యలో బేరింగ్ ఉన్న రెండు ముక్కల షాఫ్ట్, అది ఇంటి ముందు చేసే పని కాదు, గ్యారేజీకి ఇచ్చేయండి.

మీరే చేస్తే ఈ వరస గుర్తుపెట్టుకోండి, అన్నిటికన్నా ముఖ్యం ఇది. షాఫ్ట్ విప్పాక కారు తనంతట తాను కదలదు, అంతకన్నా పెద్ద విషయం, పార్క్ పని చెయ్యదు. పార్క్ గేరు పట్టుకునేది గేర్‌బాక్స్ లోపలి షాఫ్ట్‌నే, దానికీ చక్రాలకీ మధ్య ఉన్న లింకుని మీరే తీసేశారు కదా. మాన్యువల్‌లో ఫస్ట్ గేర్ వేసినా అంతే. అప్పుడు కారుని ఆపేది హ్యాండ్ బ్రేకూ, చక్రాల కింద పెట్టిన అడ్డు చెక్కలూ మాత్రమే. తెలిసినాయన ఒకరు షాఫ్ట్ విప్పేసి, పార్క్‌లోనే ఉంది కదా అని అడ్డు చెక్కలు తీశాడు, కారు నెమ్మదిగా దొర్లుకుంటూ వెళ్ళి వాళ్ళ చెత్త డబ్బాలకి తగిలి ఆగింది. చెత్త డబ్బాలు కాబట్టి నవ్వుకున్నాం, కింద ఆయనే ఉండుంటే?

కాబట్టి ముందు కారు నడుస్తుండగానే డాలీ ఎక్కించండి, ముందు చక్రాలకి స్ట్రాపులు, చైన్లు బిగించండి, డాలీ ట్రక్కుకి తగిలే ఉండాలి, వెనక చక్రాలకి రెండు వైపులా అడ్డు చెక్కలు పెట్టండి, అప్పుడు షాఫ్ట్ పని మొదలుపెట్టండి. ఉత్త జాకీ మీద నమ్మకం పెట్టుకుని కిందకి దూరకండి, స్టాండులు వెయ్యండి.

షాఫ్ట్ వెనక ఫ్లాంజి (బోల్టులు పట్టే పళ్ళెం లాంటి భాగం), డిఫరెన్షియల్ ఫ్లాంజి ఎలా కలిసి ఉన్నాయో విప్పక ముందే పెయింట్‌తో గీత గియ్యండి, తిరిగి అదే గీత కలిసేలా బిగిస్తేనే బ్యాలెన్స్ ఉంటుంది, లేకపోతే హైవే స్పీడులో కారంతా వణుకుతుంది. షాఫ్ట్ తిప్పుతూ ఒక్కో బోల్టు తియ్యాలంటే వెనక చక్రాలు రెండూ స్టాండుల మీద గాల్లో ఉండాలి, కారు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు వదిలి ఉండాలి, ఆ కాసేపూ కారుని ఆపేది డాలీ స్ట్రాపులూ చైన్లే, మళ్ళీ కిందకి దించాక చెక్కలే, అందుకే చెక్కల విషయంలో అంతలా చెప్తున్నా. యూ-జాయింటు (షాఫ్ట్ చివర ఉండే కీలు) క్యాపులు స్ట్రాపులతో పట్టి ఉండే రకమైతే విప్పగానే వాటి చుట్టూ టేపు గట్టిగా చుట్టేయండి, క్యాపు జారితే లోపల సూదుల్లాంటి రోలర్లు గడ్డిలో పడిపోతాయి, వెతికి పట్టుకోలేరు.

గేర్‌బాక్స్ వైపు షాఫ్ట్ జారి బయటకి వచ్చే రకమైతే, లాగగానే వెనక నుంచి ఆయిల్ కారుతుంది. దానికి సరిపోయే ప్లాస్టిక్ మూత ఆటో పార్ట్స్ షాపుల్లో దొరుకుతుంది, అది లేకుండా మొదలుపెట్టకండి. కొంతమంది షాఫ్ట్ తీయకుండా వెనక చివర మాత్రమే విప్పి వైరుతో పైకి కట్టేస్తారు. పది మైళ్ళకేమో గానీ వందల మైళ్ళ కుదుపుకి ఆ వైరు తెగితే షాఫ్ట్ రోడ్డుకి గుచ్చుకుంటుంది. పూర్తిగా తీసి ట్రక్కులో పడుకోబెట్టండి, బోల్టులు ఒక కవర్లో వేసి స్టీరింగ్‌కి కట్టండి, ఏ డబ్బాలో వేశామో అని రెండ్రోజులు వెతికే పని తప్పుతుంది.

తర్వాత హ్యాండ్ బ్రేకు వదిలారో లేదో రెండు సార్లు చూడండి. వదలకపోతే వెనక టైర్లు తిరగకుండా ఈడ్చుకుంటూ వస్తాయి, ట్రక్కులో కూర్చున్న మీకు తెలియదు, పొగ చూసి పక్క లేన్ వాళ్ళు హారన్ కొట్టేదాకా. కొన్ని కొత్త కార్లలో ఎలక్ట్రానిక్ హ్యాండ్ బ్రేకు ఇంజిన్ ఆపగానే తనంతట తానే బిగుసుకుంటుంది, దాన్ని వదిలించే పద్ధతి మాన్యువల్‌లో చూసుకోండి, అది కుదరని కారైతే డాలీ మాటే మర్చిపోండి. స్టీరింగ్ లాక్ చెయ్యాలా వదలాలా అన్నది డాలీ రకాన్ని బట్టి, మీద స్టిక్కర్‌లో రాసి ఉంటుంది. లాక్ తీసి ఉంచడానికి తాళం చెవి లోపలే తిప్పి ఉంచాల్సి వస్తే బ్యాటరీ ఖాళీ అవుతుంది, పని అయ్యాక నెగెటివ్ టెర్మినల్ విప్పేయండి.

దారిలో

స్పీడు 55 మైళ్ళు. యూ-హాల్ వాళ్ళు ట్రైలర్ మీద స్టిక్కరే వేస్తారు, కాలిఫోర్నియాలో అయితే ట్రైలర్ లాగే ఏ బండికైనా చట్టమే అది. అందరూ 75లో దాటేస్తుంటే 55 అంటే నత్తలా ఉంటుంది, రోజుకి ఎనిమిది గంటల మీద ప్లాన్ వెయ్యకండి, మ్యాప్ చూపించే టైముకి మూడో వంతు కలుపుకోండి.

ఊగడం మొదలైతే చేతులు, కాళ్ళు చేసే మొదటి పనులు రెండూ తప్పే: బ్రేకు తొక్కడం, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పి సరిచెయ్యాలనుకోవడం. గ్యాస్ మీద నుంచి కాలు తీసేసి స్టీరింగ్ నిటారుగా గట్టిగా పట్టుకుని దానంతట అది తగ్గేదాకా ఆగండి, తర్వాత పక్కకి ఆపి బరువు ఎక్కడుందో, స్ట్రాపులెలా ఉన్నాయో చూడండి. ట్రక్కులో కూడా బరువైన సామాను క్యాబిన్ వైపు వేసుకోండి. పెద్ద సెమీ ట్రక్కులు దాటేటప్పుడు గాలికి ఒక తోపు వస్తుంది, అది మామూలే.

ట్రైలర్‌లో సర్జ్ బ్రేకులుంటాయి, ట్రక్కు నెమ్మదించినప్పుడు ట్రైలర్ ముందుకి తోసే బలంతోనే అవి పడతాయి, మీరేమీ నొక్కక్కర్లేదు. అయినా ఆగడానికి పట్టే దూరం బాగా పెరుగుతుంది. ఐ-70 హైవే మీద కొలరాడోలో ఐసన్‌హోవర్ టన్నెల్ 11,000 అడుగుల పైన ఉంటుంది, అలాంటిచోట నుంచి దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి కూర్చుంటే బ్రేకులు కాలిపోయి పట్టు పోతుంది, దిగడం మొదలవ్వక ముందే గేరు తగ్గించండి, ఇంజినే పట్టుకుంటుంది.

రూటు కారు జీపీఎస్ చెప్పినట్టు వెళ్ళకండి, దానికి మీరు ట్రక్కులో ఉన్నారని తెలియదు. కనెక్టికట్‌లో మెరిట్ పార్క్‌వే, న్యూయార్క్ చుట్టుపక్కల పార్క్‌వేలు ట్రక్కులకీ ట్రైలర్లకీ నిషేధం, వంతెనలు కూడా తక్కువ ఎత్తు. మీ ట్రక్కు ఎత్తు ఒక కాగితం మీద రాసి డాష్‌బోర్డుకి అంటించుకోండి. ఫ్లోరిడాలోకి వెళ్తే అగ్రికల్చర్ ఇన్‌స్పెక్షన్ దగ్గర రెంటల్ ట్రక్కు కూడా ఆగాలి, ఆగకుండా పోతే వెనకాల పోలీసు వస్తాడు.

26 అడుగుల ట్రక్కుకి ట్రైలర్ తగిలిస్తే మొత్తం 50 అడుగులు దాటుతుంది. డాలీతో అయితే వెనక్కి తియ్యడమే కుదరదు, ట్రైలర్‌తో కుదురుతుంది గానీ మొదటిసారి వాళ్ళకి చెమటలు పడతాయి. కాబట్టి ఎక్కడికి దూరినా ముందుకే బయటకి రాగలరా అని చూసి దూరండి. పెట్రోలు ట్రక్ స్టాపుల్లో కొట్టించండి, హోటల్ బుక్ చేసేటప్పుడు ఫోన్ చేసి పెద్ద పార్కింగ్ ఉందా అడగండి. రాత్రి వీలైతే ట్రైలర్ వెనక భాగాన్ని గోడకో స్తంభానికో దగ్గరగా ఉండేలా ఆపండి, ఎవరూ కారు దించుకుపోలేరు.

ఇదంతా చదివాక మనకెందుకీ గోల అనిపిస్తే తప్పు లేదు. రెండు డ్రైవింగ్ లైసెన్సులుంటే ఒకరు ట్రక్కు, ఒకరు కారు, అదే చవక. లేదంటే కారు క్యారియర్ కంపెనీకి ఇచ్చేయడం, అప్పుడు వాళ్ళ యూఎస్‌డాట్ నంబర్ (ప్రభుత్వం ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబర్) తీసుకుని, రవాణా కంపెనీల్ని చూసుకునే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎమ్‌సీఎస్‌ఏ సైట్‌లో చెక్ చెయ్యండి, రేటు మరీ తక్కువ చెప్పి అడ్వాన్సు ముందే పంపమనేవాళ్ళని వదిలేయండి.

చేరాక దించేటప్పుడు ట్రైలర్ అయితే ఎక్కించిన వరసే తిరగేయడం: చదును చోటు, ట్రక్కు బ్రేకు, కారులో ఒకరు బ్రేకు మీద కాలు పెట్టి కూర్చున్నాకే ఆఖరి స్ట్రాప్ వదలడం. డాలీ అయితే షాఫ్ట్ బిగించాకే దించండి, ముందు దించితే పార్క్ లేని కారుతో వీధిలో ఇరుక్కుపోతారు. గీతలు కలిపి, మాన్యువల్ కొత్తవి అడిగితే కొత్త బోల్టులు వేసి, మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి బిగించి, కారిన ఆయిల్ ఎంతో అంత పోసి లెవెల్ చూసి స్టార్ట్ చెయ్యండి. మొదటి యాభై మైళ్ళ తర్వాత ఒకసారి కిందకి దూరి ఆ బోల్టుల్ని మళ్ళీ రెంచి పెట్టి చూడండి, నావి నాలుగింట్లో ఒకటి పావు చుట్టు తిరిగింది.